గింజ ముందర కోడిపిల్ల

మా గురువుగారి ఈ స్మారకోపన్యాసమునకు ఏ విషయము తీసికొందురని కార్యదర్శిగారు జాబు వ్రాసినపుడు, కోడిపిల్ల ఆకలిని గూర్చి మాటలాడెదనని ఆనాటి టపాలోనే బదులు వ్రాసితిని. గురువుగారు తమ యాయువునంతయు ఏ ప్రశ్నకు ధారవోసిరో ఆ ప్రశ్నను విడిచి వేఱొక సంగతి ఈ వేదికమీద చెప్పుటకు నా నోరు రాదు. పిల్ల ఎందుకు తినును, ఎందుకు తినుట మానును అన్నదే ఆ ప్రశ్న. ఈ రెండింటిలో రెండవదే కష్టమైనదని వారు పలుమాఱు చెప్పెడివారు; ఆ మాటలోని లోతు నాకు చాల యేండ్లకుగాని తెలియలేదు.

నేను వారి ప్రయోగశాలలో చేరిన మొదటి యుదయమున హేచరీనుండి అట్టపెట్టెలలో ఒకరోజు పిల్లలు వచ్చినవి. గురువుగారు ఒక పిల్లను అరచేతిలో వెల్లకిల త్రిప్పి, బొడ్డుమీది నూగును నోటితో మెల్లగా ఊది, చర్మము క్రింద మెత్తగా ఉబ్బియున్న చోటును నా వ్రేలితో తాకి చూడుమనిరి. 21 దినముల పొదుగుడులో చివరి రెండు దినములందు, మిగిలిన పచ్చసొన తన సంచితో గూడ పిల్ల కడుపులోనికి చేరును. ఆ చద్దిమూట మూడు నాలుగు దినములవఱకు కరగుచు పిల్లను పోషించుచుండును. ఆ ధైర్యముతోనే హేచరీలవారు పిల్లలను మేతయు నీళ్ళును లేకయే రైళ్ళమీదను లారీలమీదను దూరపు ఊళ్ళకు పంపుచున్నారు. ఇంతవఱకు పాఠ్యపుస్తకములోనిదే. గురువుగారు అంతట నేలమీద పాత వార్తాపత్రిక పఱచి, గుప్పెడు నూకలు చల్లి, పిల్లలను దింపి, చూపుడువ్రేలి గోటితో కాగితముమీద టకటక కొట్టిరి. గుంపుగా ముడుచుకొని నిలిచిన పిల్లలు ఆ చప్పుడు విని పరుగెత్తి వచ్చి, కొన్ని నూకలను, కొన్ని అచ్చక్షరములను పొడువసాగినవి. “కడుపులో చద్ది యుండగా వీనికి ఆకలి ఎక్కడినుండి వచ్చినదోయి?” అని వారడిగిరి. నేను బదులు చెప్పలేకపోయితిని.

ఆ గోటి చప్పుడు వారు పల్లెలో తల్లికోడివద్ద నేర్చినది. గంప యెత్తగానే పిల్లలకోడి దిబ్బమీదికి పోయి, గింజను ముక్కున కఱచి, జారవిడిచి, మరల కఱచి, గొంతులో చిన్నగా పిలుచుచుండును. పిల్లలు దాని ముక్కు క్రిందికే చేరి ఆ గింజనే పొడుచును. అయినను తల్లి లేనంతమాత్రమున పిల్లకు పొడుచుట రాదనుకొనరాదు. ఇంగ్లండునందు డగ్లస్ స్పాల్డింగ్ అను పరిశోధకుడు, గ్రుడ్డులోనుండి వెలువడుచున్న పిల్లల కన్నులు కప్పునట్లు తలలకు చిన్న ముసుగులు తొడిగి, ఒకటి మొదలు మూడు దినములవఱకు అట్లే యుంచి, పిదప వెలుతురులో ముసుగు తీసి చూచెను. లోకము నెన్నడును చూడని యా పిల్లలు కొలది నిమిషములలోనే ప్రాకుచున్న పురుగులను గుఱితప్పక పొడువసాగినవి. ఈ వృత్తాంతమును అతడు 1873లో ప్రకటించెను. పొడుచుట పిల్ల పుట్టుకతో తెచ్చుకొన్న విద్య; ఏది పొడువవలెనో నేర్పునది తల్లి; ఎంత పొడువవలెనో, ఎప్పుడు చాలునో చెప్పునది ఎవరు?

మన పెద్దలు ఆకలిని జఠరాగ్ని యనిరి. కడుపులో మంట పుట్టి, అన్నము పడగా చల్లారునన్న భావన మన భాషలోనే ఇంకియున్నది; ఆకలి మండుననియు, కడుపు కాలుననియు నేటికిని అనుచునే యున్నాము. శాస్త్రజ్ఞులు కూడ చాలకాలము కడుపు గోడల కదలికలోనే ఆకలిని వెదకిరి. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనువారు ఎలుకల మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్‌లో ఒక చిన్న చోటును నశింపజేయగా ఆ యెలుకలు మితిమీఱి లావెక్కినవి. 1951లో మన దేశస్థుడైన బాలకృష్ణ ఆనంద్, యేల్ విశ్వవిద్యాలయమున జాన్ బ్రోబెక్‌తో కలిసి, అదే హైపోథాలమస్ ప్రక్కభాగమున మఱి యొక చోటును నశింపజేయగా ఎలుకలు మేత ముందరనే యుండి తినక మాడినవి. ఆ ఆనంద్‌గారే పిమ్మట ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు శరీరక్రియాశాస్త్ర శాఖను నెలకొల్పిరి. వారి పేరు చెప్పునపుడెల్ల మా గురువుగారు కుర్చీలో నిటారుగా కూర్చుండెడివారు.

మెదడులో తినుమను చోటొకటి, చాలునను చోటొకటి గలవని తేలిన పిదప, ఆ చోటులు పరస్పరము ఏ భాషలో మాటలాడుకొనునన్న ప్రశ్న వచ్చినది. ఆ భాషలోని మాటలే పెప్టైడులు: కొన్ని అమైనో ఆమ్లముల చిన్న గొలుసులు. వీనిని మెదడు హార్మోనులనుట వాడుక. కోడిపిల్ల ఈ పరీక్షకు తగిన ప్రాణి. దాని పుఱ్ఱె ఇంకను మెత్తగానుండును. సన్నని సూదితో 10 మైక్రోలీటర్ల ద్రవమును మెదడు గదులలోనికి పంపవచ్చును. పిల్ల మఱునిమిషమున లేచి నడచును. తరువాతి పనియే ఓర్పు గలది. మూడు గంటలు మేత మాన్పించిన పిల్లల ముందర తూచిన గిన్నె పెట్టి, అరగంటకొకసారి గిన్నెను మరల తూచవలెను. పిల్ల కాళ్ళతో చిమ్మిన పొట్టును కాగితముమీదినుండి కుంచెతో ఊడ్చి, దానిని కూడ తూచి, లెక్కలోనుండి తీసివేయవలెను. గురువుగారు ఈ పొట్టును తూచు పనిని ఎవరికిని అప్పగింపలేదు. పిల్ల తిన్నది ఒకటి రెండు గ్రాములైనపుడు, చిమ్మినదానిని లెక్కింపనివాడు తన కోరికనే తూచుచున్నాడని వారి యభిప్రాయము.

1982లో స్వీడనునందు టాటెమోటో, మట్ అనువారు పంది మెదడునుండి 36 అమైనో ఆమ్లముల పెప్టైడును వేఱుచేసిరి. దాని రెండు కొనలయందును టైరోసిన్ ఉండుటచేతను, టైరోసిన్‌కు వై అక్షరము సంకేతమగుటచేతను, దానికి న్యూరోపెప్టైడ్ వై యని పేరు వచ్చినది. దీనిని కోడిపిల్ల మెదడులోనికి పంపినచో, కడుపు నిండిన పిల్ల కూడ గిన్నెవద్దకు పోయి ఆబగా తినును. ఉపవసించిన కోడి మెదడులో ఈ పెప్టైడు తయారీ తనంత తానే హెచ్చును. హైపోథాలమస్ అడుగున, పిట్యూటరీ కాడ మొదట, ఇన్‌ఫండిబ్యులర్ కేంద్రమని ఒక చిన్న కణసమూహము గలదు. పాలిచ్చు జంతువులలో ఆర్క్యుయేట్ కేంద్రమనునది దీనికి సాటియైనది. నెత్తురులోని సమాచారము మెదడునకు చేరు వాకిళ్ళలో ఇది యొకటి. ఇచ్చట ఒకజాతి కణములు న్యూరోపెప్టైడ్ వైని, దానితోపాటు అగూటి సంబంధియగు ప్రోటీనును విడుచుచు తినుమనును; ప్రక్కకణములు ఆల్ఫా మెలనోసైట్ ఉత్తేజక హార్మోనును విడుచుచు చాలుననును. ఈ రెండవదియు, అగూటి ప్రోటీనును ఒకే గ్రాహకము కొఱకు పోటీపడును. ఒకే తాళమునకు ఒక చెవి తెఱచునది, ఒకటి అడ్డుపడునది. పిల్ల గిన్నెవద్ద నిలుచుటయు, తొలగిపోవుటయు ఆ క్షణమున ఏది గెలిచినదో దానినిబట్టి యుండును.

చాలునను పక్షమున బలవంతములైనవి ఇంకను గలవు. 1981లో వైలీ వేల్ గొఱ్ఱెల హైపోథాలమస్‌నుండి వేఱుచేసిన కార్టికోట్రోపిన్ విడుదల కారకము, అనగా భయమును కష్టమును శరీరమునకు చాటు హార్మోను, కోడిపిల్ల మెదడున పడినంతనే మేతను మాన్పించును. ప్రేగులలోను మెదడులోను గల గ్లూకగాన్‌వంటి పెప్టైడ్ ఒకటి యనునది కూడ గట్టిగా మాన్పించును. గుంపునుండి వేఱుచేసిన పిల్ల మేత ముట్టక కూయుచు తిరుగుట మీరందఱును చూచినదే. బెదరిన పిల్లకు ఆకలి చచ్చుననునది మనము వాడుకగా చెప్పుకొనుమాట. దాని వెనుక ఇట్టి పెప్టైడుల పని గలదు. ఎండలు ముదిరినపుడు తెలంగాణములోను, కోస్తాలోను ఫారముల రైతులు పట్టపగలు మేత పెట్టక, తెల్లవాఱుజామున చల్లపూట పెట్టుచున్నారు. మేత అఱుగునపుడు పుట్టు వేడిని కోడి భరింపజాలదనియు, వేడిమి దాని మెదడునందే ఆకలిని అణచుననియు వారికి ఎవరును ఉపన్యసింపలేదు. పోయిన కోళ్ళను లెక్కపెట్టుకొని నేర్చుకొనిరి.

ఇక నా తప్పునొకదానిని చెప్పవలెను. 1999లో జపానునందు కొజిమా, కంగావా అనువారు ఎలుక కడుపునుండి ఒక హార్మోనును కనుగొని, ఎదుగుదల యను అర్థముగల ప్రాచీన ధాతువునుండి దానికి గ్రెలిన్ అని పేరిడిరి. కడుపు ఖాళీయైనపుడు అది నెత్తురులో పెరుగును. మెదడునకు చేరి ఆకలి పుట్టించును. మన జఠరాగ్నికి రసాయనరూపము దొరకినదని నేను పొంగిపోయి, అప్పటికి పదవీ విరమణ చేసి స్వగ్రామమునందున్న గురువుగారికి ఉత్తరము వ్రాయుచు, కోడిపిల్లయందును ఇదే ఆకలి హార్మోను కాగలదని నిశ్చయముగా వ్రాసితిని. వారము దినములకు వారి పోస్టుకార్డు వచ్చినది. అందులో ఒకటే వాక్యము: “ఎలుక చెప్పిన సాక్ష్యముపై కోడిపిల్లకు తీర్పు చెప్పకుము.”

రెండేండ్లు గడువకమునుపే మిత్సుహిరో ఫురుసేగారి బృందము ఒకరోజు పిల్లల మెదడులోనికి గ్రెలిన్ పంపి చూచి, అవి తినుట మానినవని ప్రకటించినది. తరువాత కోడి గ్రెలిన్‌ను కందనకాయకు పైన నున్న గ్రంథిజఠరమునుండి వేఱుచేసి చూడగా, ఎలుకలో 28గా నున్న అమైనో ఆమ్లములు ఇందులో 26గా నున్నవి. ఆకృతి దగ్గఱ చుట్టమే, నడత మాత్రము విపరీతము. కార్టికోట్రోపిన్ విడుదల కారకమును అడ్డగించు మందును ముందుగా నిచ్చినచో గ్రెలిన్ మేతను మాన్పింపలేకపోయినది. కనుక పిల్ల మెదడులో గ్రెలిన్ వెళ్ళి తట్టునది ఆకలి తలుపు కాదు, భయపు తలుపు అని తేలినది. అచ్చటినుండి ఆశ్చర్యములు వరుసగా వచ్చినవి. ఎలుకలను తినిపించు ఒరెక్సిన్ కోడిపిల్లయందు పనిచేయలేదు. ఎలుకల మేతను తగ్గించు ప్రొలాక్టిన్ విడుదల పెప్టైడు కోడిపిల్ల మేతను పెంచినది. 2000లో కజుయోషి త్సుత్సుయి జపాను కంజుపిట్టలలో కనుగొన్న గొనడోట్రోపిన్ నిరోధక హార్మోను, అనగా సంతానోత్పత్తికి కళ్ళెము వేయునది, కోడిపిల్లయందు ఆకలిని లేపినది.

లెప్టిన్ సంగతి ఇంకను విచిత్రము. 1994లో ఫ్రీడ్‌మన్‌గారి ప్రయోగశాలలో దొరకిన ఈ హార్మోను ఎలుకలోను మనుష్యులలోను కొవ్వునుండి బయలుదేఱి, నిల్వ చాలినదని మెదడునకు చెప్పును. కోడిలో దీని జన్యువు దొరకినదని 1998లో వెలువడిన ప్రకటనను ఇతరులు ధ్రువపఱుపలేకపోయిరి. పక్షులలో అసలు లెప్టిన్ 2014లోను, కోడిలో 2016 ప్రాంతమునను గాని తేలలేదు. తేలిన పిదప చూడగా, పక్షుల కొవ్వు దానికి ముఖ్యస్థానము కాదు. దాదాపు ఇరువది యేండ్లు ఒక జాతి శాస్త్రజ్ఞులు లేనిచోట వెదకిరి, కొందఱు లేనిదానిని చూచితిమనిరి; ఎలుక సాక్ష్యమును నమ్మిన ఫలమది. గురువుగారి కార్డును నేను ఇప్పటికిని బల్ల అద్దము క్రింద ఉంచుకొన్నాను.

ఇచ్చట కొంచెము ప్రక్కకు పోయి పావురమును తలంపనీయుడు. కోడిపిల్ల పుట్టిననాడే తన కాళ్ళమీద నడచి తన ముక్కుతో తినును. పావురపు పిల్ల కన్ను తెఱువక, ఈకలు లేక, గూటిలో పడియుండును. దాని యాకలిని తీర్చు హార్మోను దాని తలలో గాక తలిదండ్రుల తలలో పనిచేయుచుండును. ఆస్కార్ రిడిల్, అతని సహచరులు 1933లో ప్రొలాక్టిన్ అని పేరిడిన పిట్యూటరీ హార్మోను, పిల్లలు గ్రుడ్డునుండి బయటపడు నాటికి, పావురముల మేతసంచి లోపలి పొరను దళసరి చేసి, జున్నువలె రాలునట్లు చేయును. ఆడదియు మగదియు కూడ ఈ పాలను పిల్లల నోటిలోనికి కక్కును. మొదటి కొన్ని దినములు పిల్లలకు అదియే యన్నము. అదే ప్రొలాక్టిన్ పెద్దవాని యాకలిని కూడ పెంచును. పిల్లల పాలికి వలయునది పెద్దవి తినవలెను గదా. ఒక ప్రాణి ఆకలి మఱియొక ప్రాణి మెదడులో పుట్టు ఈ యేర్పాటును చూచి గురువుగారు తరగతిలో కాసేపు మాటలాడక నిలిచిపోయిన దినము నాకు జ్ఞాపకమున్నది.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన చోటికి వచ్చితిని. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమునందలి బ్లాక్స్‌బర్గులో, పాల్ సీగెల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు 1957లో తెల్ల ప్లిమత్ రాక్ కోళ్ళతో ఒక ప్రయోగము నారంభించెను. ఏడు అంతఃప్రజాత వంశములను కలిపి పుట్టించిన ఒకే మందనుండి, 56 దినముల వయస్సున బరువైనవానిని ఒక వంశముగను, తేలికవానిని ఒక వంశముగను ఏరుకొని, తరతరమునను అట్లే ఏరుచు పోవుటయే ఆ ప్రయోగము. వేఱొక లక్షణమును దేనిని చూడలేదు. ఆకలిని అసలే చూడలేదు. తరములు ఏబది దాటునప్పటికి ఆ రెండు వంశముల పిల్లల బరువులలో, ఒకే వయస్సున, పదిరెట్లకు మించిన భేదమేర్పడినది. ఒకే తాతకు మనుమలైన రెండు పిల్లలను రెండు చేతులలో పట్టుకొని చూచినచో, ఒక చేయి క్రుంగును, ఒక చేతిలో ఏదియు లేనట్లుండును.

బరువును ఏరితిమని మనుష్యుడనుకొనగా, ఏర్పడినది ఆకలి. బరువు వంశపు కోళ్ళు మేత ముందర నున్నంతసేపు తినుచునే యుండును; 56 దినములు దాటిన పిదప వానిని ప్రాణముతో నిలుపుకొనుటకే మేత కొలిచి పెట్టవలసివచ్చినది. తేలిక వంశములో కొన్ని పిల్లలు, చుట్టును మేత యుండగా, పచ్చసొన కరిగిన పిదప కూడ తినుట మొదలుపెట్టక, నిలిచిన చోటనే కృశించి చచ్చును. 1983లో రెండు వంశముల కోళ్ళ హైపోథాలమస్‌లోను తృప్తిని కలిగించునని పేరుగన్న చోటును నశింపజేసి చూచిరి. తేలిక వంశపు కోళ్ళయందు ఆ శస్త్రముచే మేత పెరిగినది. బరువు వంశమునందు పెరుగలేదు. కత్తి చేయవలసిన పనిని ఏరుకొనుటయే అంతకుముందే చేసియుండెను. 2013లో తేలిక వంశపు పిల్లలకు న్యూరోపెప్టైడ్ వై ఇచ్చి చూడగా, మెదడులో ఆకలికి సంబంధించిన కేంద్రములు చలించినవి గాని పిల్లలు తినలేదు. మాట చెవిని పడినది, కాలు కదలలేదు. గింజ ముందర నిలిచియుండి తినని ఆ పిల్లను తలంచినపుడెల్ల, మేత గిన్నెను తూచి ఆకలిని కొలిచితిమనుకొనిన నా యౌవనపు ధీమా గుర్తుకు వచ్చును.

ఆ బ్లాక్స్‌బర్గు మందలో జరిగినదే, ఇంకను పెద్దయెత్తున, మన విపణిలోని మాంసపు కోడికి జరిగినది. దాని పిల్ల ఆఱు వారములలో ఇంత బరువు తూగుట మేతలోని బలముచేత మాత్రమే కాదు. తృప్తి చెప్పు హార్మోనుల మాట దాని మెదడులో మందగించినది. కోయుటకు పెంచు పిల్లకు ఇది కొలదివారముల సంగతి. దాని తలిదండ్రులకు, అనగా గ్రుడ్ల కొఱకు సంవత్సరమునకు పైగా ఉంచవలసిన బ్రీడరు కోళ్ళకు, అదే ఆకలి యావజ్జీవము. వానికి తనివిదీర పెట్టినచో కొవ్వు పట్టి, కాళ్ళు చెడి, గ్రుడ్లు తగ్గును. కనుక పెరుగు వయస్సులో అవి కోరినదానిలో సగముకంటె తక్కువయే కొలిచి పెట్టుచున్నారు. అట్లు పెట్టు రైతు క్రూరుడు కాడు. అట్లు కొలిచి పెట్టనిచో నష్టపోవునది కోడియే. అయినను ఆ కోళ్ళ మెదడులో న్యూరోపెప్టైడ్ వై అడుగంటక ఎల్లపుడు పొంగుచునే యుండునని కొలతలు చెప్పుచున్నవి. ఆకలిని పుట్టించినవారము మనము. దానిని తీర్పజాలని మందను కూడ మనమే పుట్టించితిమి. విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఈ వంశములను ఏర్పఱచు ఉద్యోగములలో చేరుదురు. ఏరునపుడు బరువుతోపాటు ఆకలిని కూడ కొలువుడు. అది అసాధ్యము కాదు, పొట్టును కూడ తూచు ఓర్పు కావలెను.

గురువుగారితో నేను చేసిన కడపటి ప్రయాణము ఒక బ్రీడరు ఫారమునకు. తెల్లవాఱకమునుపే చేరితిమి. మేతగొలుసు కదలిన చప్పుడు వినబడగానే షెడ్డంతయు లేచినది. వేలకొలది కోళ్ళు ఒకదానిమీద నొకటి పడుచు తొట్లవద్దకు చేరినవి. కొంతసేపటికి తొట్ల అడుగు రేకు మెఱయసాగినది. మేము బయటికి వచ్చి, ఫారమువారిచ్చిన కాఫీ త్రాగి, లెక్కల పుస్తకములు చూచి, ఎండ ఎక్కిన పిదప మరల షెడ్డులోనికి పోతిమి. కోళ్ళు ఖాళీ తొట్లను పొడుచుచునే యున్నవి. గురువుగారు నిలుచుండియే జేబులోని చిన్న పుస్తకము తీసి వ్రాసికొనిరి. వారు గతించిన పిదప ఆ పుస్తకమును గురుపత్నిగారు నాకిచ్చిరి. ఆనాటి పుటలో ఉన్నది ఇంతయే: “మేత 6.20కి వేసిరి. 6.45కు ముగిసినది. 11 గంటలకు పొడుచుట ముగియలేదు.”